పదిహేను బారల మోకు

గురువారం సాయంత్రం గట్టు మీద ఎర్రజెండా లేచేసరికి లంగరమ్మ పడవ అంచున కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పుతోంది. మూత చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరికది?" అంది.

ఇంజను దగ్గర కూర్చున్న మరిది కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టువైపు చూశాడు. "నాలుగో విమానం ఆయనకే అయ్యుంటుంది వదినా. ఇప్పుడు తలకిందులుగా పోయింది ఆయనే కదా."

ఆమె గట్టువైపూ చూడలేదు, ఆకాశంవైపూ చూడలేదు. బోయాల వరస కింద నీళ్లకేసి చూసింది. నీళ్లు ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. అదే ఆమెకు అర్థం కాలేదు.

ఏటా వేసవిలో ఒక ఆదివారం నాలుగు చిన్న విమానాలు ఆ రేవు ముందు సముద్రం మీద విన్యాసాలు చేస్తాయి. ఎదురెదురుగా దూసుకొచ్చి రెప్పపాటులో తప్పుకుంటాయి, పొగతో ముగ్గులు వేస్తాయి, వెల్లకిలా తిరిగి నీటికి వీపు అప్పగించి పోతాయి. నీళ్ల మీద వాటికి దారి చూపడానికి ఏముంటుంది? రోడ్డా, గీతా? అందుకని గట్టుకు రెండు వందల ముప్పై మీటర్ల దూరంలో, గట్టుకు సమానంగా, నారింజ రంగు బోయాలు అయిదు వేస్తారు. ఆ తేలే బుడగల మీదుగానే ఎగరాలి. జనం మీదికి రాకూడదు, దూరంగా పోకూడదు. పన్నెండేళ్లుగా ఆ బోయాలు వేసేది లంగరమ్మే. రేవులో పడవలకు లంగర్లు వేసీ తీసీ ఆమె అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. బోయాలు వేశాక, చివరి బోయాకు అవతల తన పడవలోనే కాచుకుని కూర్చోవడం ఆమె రెండో పని. ఏదైనా విమానం నీళ్లలో పడితే మొదట చేరేది ఆ పడవే. దేవుడి దయవల్ల ఆ రెండో పని ఇంతవరకు పడలేదు.

నీటికి ముప్పై మీటర్లకంటే కిందికి దిగకూడదని నియమం. విమానంలో ఎత్తు చెప్పే మీటరు ఉంటుంది గాని, అంత కిందికి, అంత వేగంతో వచ్చాక దాని మాట నమ్మడానికి లేదు. పైలట్ తన కంటినే నమ్ముకోవాలి. ఆ కంటికి కాపలాగా గట్టు చివర ఇంకో కన్ను ఉంటుంది. అందరూ ఆయనను జెండా పెద్దాయన అంటారు. తెల్లజెండా ఎత్తితే సరే. ఎర్రజెండా ఎత్తితే ఆ పైలట్ కిందికి దిగిపోయాడని లెక్క. అది ముందురోజుల రిహార్సలైనా సరే, ఇక ఆ ఏటి ప్రదర్శనలో అతను ఎగరడానికి లేదు.

"బుధవారం ఆయనకి తెల్లజెండానే కదా ఎత్తారు," అంది లంగరమ్మ.

"నిన్న బాగా చేశాడు, ఇవాళ జారాడు. మనిషన్నాక ఒకరోజు ఉన్నట్టు ఒకరోజు ఉంటాడా?" మరిది ఇంజను తిప్పాడు. "పద వదినా, చీకటి పడకముందే ఇల్లు చేరదాం."

"ఉండు. నువ్వు నీళ్లు చూశావా?"

"నీళ్లలో ఏముంది?"

"ఏమీ లేదు. అదే అడుగుతున్నా."

విమానం మరీ కిందికి వస్తే దాని గాలికి నీటి మీద దువ్వెనతో గీసినట్టు ఒక చార పడుతుంది. ఈ పన్నెండేళ్లలో ఆమె మూడుసార్లు చూసింది, మూడుసార్లూ ఎర్రజెండానే లేచింది. ఇవాళ చార లేదు. నీరు అద్దంలా ఉంది. చార లేకుండా జెండా ఎందుకు లేచిందన్న ప్రశ్న, పంటి సందున ఇరుక్కున్న నారపోగులా ఆమెను ఇంటిదాకా వెంటాడింది.

మర్నాడు పొద్దున డీజిల్ పోయించుకునే చోట అందరిదీ ఒకటే మాట.

"యాభైనాలుగేళ్లంట. ఆ వయసుకి నాకు మెట్లెక్కితేనే కళ్లు తిరుగుతున్నాయి, ఆయన తలకిందులుగా తిరుగుతున్నాడు."

"చూపు మందగించి ఉంటుంది. పాపం, ఒప్పుకోవడం కష్టం."

"ఒప్పుకున్నాడంట. నిన్న రాత్రే కాయితం మీద సంతకం పెట్టేశాడంట, తప్పు నాదేనని."

లంగరమ్మ డబ్బా మూత బిగిస్తూ ఆగింది. "తప్పు ఆయనదేనని ఆయనకెలా తెలుసు?"

అందరూ ఆమెకేసి చూశారు. "జెండా ఎత్తారు కదమ్మా," అన్నాడు డీజిల్ పోసేవాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

మధ్యాహ్నం ఆమె గట్టు చివరిదాకా నడిచివెళ్లింది. జెండా పెద్దాయన ఒక గొడుగు కింద ఇనప స్టాండు ముందు కూర్చుని ఉన్నాడు. గొంతుదాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కా, మోకాళ్ల మీద నోటుబుక్కు. ఒకప్పుడు ఆయనా ఆ జట్టులోనే పైలట్.

"ఏమ్మా, దారి తప్పి వచ్చావు?"

"ఈ సామానుతో ఎత్తెలా చెబుతారో చూద్దామని వచ్చానండీ. పన్నెండేళ్లుగా జెండా చూస్తున్నానే గాని, జెండా వెనక ఏముందో చూడలేదు."

ఆ మాటకు ఆయన ముఖం వికసించింది. తన పని గురించి అడిగేవాళ్లు ఆయనకూ తక్కువే. లేచి ఆమెకు కుర్చీ ఇచ్చాడు. స్టాండుకు గడ్డం ఆన్చడానికి నున్నటి చెక్క ఒకటి, దానికి మూరెడు ముందు ఒక చట్రం, చట్రంలో అడ్డంగా బిగించిన రెండు సన్నటి తీగలు.

"గడ్డం దీని మీద ఆన్చు. కదలకు. కింది తీగ కనబడుతోందా? నీ బోయాల మీదుగా పోయే విమానం సరిగ్గా ఆ తీగ మీద ఉందనుకో, ముప్పై మీటర్లు. పైన ఉంటే ఇంకా మంచిది. తీగ కిందికి జారిందో, తక్కువ."

"నిన్న ఎంత జారింది?"

"మూడు మీటర్లు." ఆయన నోటుబుక్కు మూశాడు. "నాకేమన్నా సరదానా అమ్మా? పదేళ్లు రెక్కకి రెక్క ఆనించినట్టు వాడి పక్కన ఎగిరాను. వాడి పెళ్లిలో సాక్షి సంతకం నాది. తమ్ముడైనా సరే, తీగ కిందికి వస్తే జెండా ఎత్తాల్సిందే. ఎత్తకపోతే రేపు వాణ్ని నీ పడవలోంచి దింపుకోవాలి."

ఆయన గొంతులో కపటం లేదు. లంగరమ్మ గడ్డం చెక్క మీద ఆన్చి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసింది.

"ఈ తీగ ఎంత దూరానికి లెక్కండీ?"

"రెండు వందల ముప్పైకి. అదే అసలు కిటుకు. అదిగో, వీధిదీపాలు చూడు. అన్నీ ఒకే ఎత్తు. అయినా దగ్గరిది తాడిచెట్టంత, చివరిది అగ్గిపుల్లంత కనబడుతున్నాయి కదా? విమానమూ అంతే. దూరం జరిగేకొద్దీ కిందికి దిగినట్టు కనబడుతుంది. అందుకే నీ బోయాల గీత దాటి ఎగరొద్దని వాళ్లకు గట్టిగా చెబుతాం. నిన్న వాడు గీత దాటలేదు. సరిగ్గా బోయాల నెత్తి మీదుగానే పోయాడు."

"బోయాలు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచారా?"

పెద్దాయన నవ్వాడు. "నువ్వు వేసినవాటిని కొలవడమెందుకమ్మా? పన్నెండేళ్లలో ఒక్కసారన్నా తప్పు చోట వేశావా?"

ఆమెకూ నవ్వొచ్చింది. ఆ మాట చెవులకు ఇంపుగానే ఉంది. నిండు పోటు మీద సముద్రం నిశ్చలంగా ఉంది. బోయాలు అయిదూ ఎక్కడివక్కడ, బడిలో వరసకట్టి నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. థాంక్సు చెప్పి వచ్చేసింది. అయితే నడుస్తున్నంతసేపూ వీధిదీపాలు లెక్కపెడుతూనే ఉంది. దగ్గరిది పొడుగు, దూరంది పొట్టి. దగ్గరిది పొడుగు, దూరంది పొట్టి.

ఆ సాయంత్రం నాచు పట్టిన బోయాను తుడుద్దామని వంక పెట్టి మరిదిని బయల్దేరదీసింది. పోటు తీసి ఆటు పట్టింది. నీరంతా సముద్రంలోకి ఈడ్చుకుపోతోంది. మూడో బోయా దగ్గరకు రాగానే ఆమె చెయ్యెత్తింది. మరిది ఇంజను ఆపాడు.

బోయాను అడుగునున్న లంగరుకు కట్టిన మోకు నిలువుగా లేదు. ఏటవాలుగా, గట్టువైపు నీళ్లలోకి సాగి, పచ్చటి లోతులో మాయమైపోతోంది. బోయా సముద్రంవైపు మెడ చాచి, కట్టు తెంచుకోబోతున్న దూడలా గుంజుతోంది.

ఆమె ఆ ఏటవాలు వెంబడే గట్టువైపు చూసింది.

"మోకు అందుకో," అంది. "మెల్లగా లాగుతూ పో. మోకు నిట్టనిలువుగా వచ్చేదాకా."

మరిది కొక్కెంతో మోకు అందుకుని లాగాడు. పడవ మోకు వెంబడి గట్టువైపు జరిగింది. జరిగింది. ఇంకా జరిగింది. మోకు నిలువుగా బిగిసేసరికి పడవ లంగరు నెత్తి మీద ఉంది. అక్కడ ఆమె ఒక సీసపు గుండు కట్టిన ఖాళీ డబ్బాను గుర్తుగా వదిలింది. "ఇప్పుడు బోయాని వదిలెయ్."

వదిలిన బోయా ఆటుకు కొట్టుకుపోయి తన పాతచోటికి చేరుకుంది. లంగరమ్మ ముళ్లు వేసిన కొలతతాడు తీసింది. డబ్బా నుంచి బోయాదాకా చేతులు బారజాపి ఒక్కో బారా కొలుచుకుంటూ వెళ్లింది. పద్నాలుగు. దగ్గర దగ్గర పాతిక మీటర్లు.

"ఏటా తొమ్మిది బారల మోకే కదా కట్టేది," అన్నాడు మరిది మెల్లగా.

"ఈ ఏడు పదిహేను వదిలాను."

ఎందుకు వదిలిందో ఇద్దరికీ తెలుసు. కిందటేడు చూడవచ్చిన మోటారు పడవల అలలకు ఒక బోయా, మోకు పుటుక్కున తెగి, ప్రదర్శన మధ్యలో సముద్రంలోకి ఊరేగింపుగా పోయింది. రేవంతా నవ్వారు. గట్టిగా కడితే తెగుతుంది, వదులుగా ఉంటే నిలుస్తుందని ఈసారి ఆమే అనుకుంది, ఆమే కొలిచింది, ఆమే ముడి వేసింది. ఎవరినీ అడగలేదు. బుధవారం రిహార్సలు నిండు పోటు వేళ జరిగింది. నిన్నటిది ఆటు వేళ.

మిగిలిన నాలుగూ కొలిచారు. పద్నాలుగు, పదమూడున్నర, పద్నాలుగు, పద్నాలుగు. అయిదూ కలిసికట్టుగా జరగడం వల్ల వరస వంకర పోలేదు. వరస వంకర పోలేదు గనక ఎవరి కంటికీ ఆనలేదు.

పైలట్‌ను కాపాడే ముక్క ఏదో దొరుకుతుందని నిన్నటి నుంచి వెతికింది. దొరికింది. అది తన మోకు చివర కట్టి ఉంది.

"వదినా," అన్నాడు మరిది. చుట్టుపక్కల ఒక్క పిట్ట కూడా లేకపోయినా గొంతు తగ్గించాడు. "అరగంట పని. అయిదింటికీ ఆరేసి బారలు లాగి కట్టేద్దాం. రేపటి నుంచి అన్నీ సరిగ్గా ఉంటాయి. ఎవరికి తెలుస్తుంది?"

"ఆయన సంతకం పెట్టిన కాయితం?"

"ఆయన నీకు చుట్టమా, పక్కమా? ఒక్క ఆదివారం ఎగరకపోతే కొంపలేం మునుగుతాయి? మన పడవ మాట ఆలోచించు. బోయాలు సరిగ్గా వెయ్యలేనివాళ్లని పేరు పడితే రేవులో మనకు లంగరు పని ఇంకెవరిస్తారు?"

అతను చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. లంగరమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుంది. మోకు మీద చెయ్యి వేసింది. లాగితే వచ్చేస్తుంది. ఆరు బారలు. చెయ్యి అక్కడే కాసేపు ఉంచింది.

"ముట్టుకోకు," అంది. "ఉన్నది ఉన్నట్టే వాళ్లు చూడాలి. మనం సర్దేశాక చెబితే నమ్మేదెవరు? ఇంటికి పోనీ. మీ అన్నయ్య అన్నానికి ఎదురుచూస్తుంటాడు."

శనివారం తెల్లవారుతూనే విమానాలుండే షెడ్డుకు వెళ్లింది. మూడు విమానాలకు మెకానిక్కులు ఆయిలు పోస్తున్నారు. నాలుగోదాని దగ్గర దాని పైలట్ ఒక్కడే, మెత్తటి గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. పొట్టి మనిషి, తెల్లబడ్డ కణతలు. రెక్క పక్కనున్న మూడుమెట్ల స్టూలు మీంచి దిగుతూ ఆయన రెండు చేతులతో రెయిలింగు పట్టుకోవడం, కాలితో మెట్టు తడుముకోవడం ఆమె గమనించింది.

"నేను బోయాలు వేసేదాన్నండీ."

"తెలుసమ్మా. పైనుంచి రోజూ చూస్తుంటాను. మీ పడవకు వెనకవైపు పచ్చరంగు పెచ్చులూడింది." నవ్వబోయి ఆగాడు. "అంత బాగా కనబడేది. ఇప్పుడేమో... చెప్పండి."

ఆమె నీళ్లు నమలకుండా చెప్పేసింది. మోకు, ఆటు, పద్నాలుగు బారలు. ఆయన గుడ్డ మడతపెడుతూ విన్నాడు. మడత మీద మడత పెట్టి అది అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నదయ్యాక అడిగాడు.

"పాతిక మీటర్లు. కచ్చితంగా?"

"మీరూ వచ్చి కొలుచుకోండి. నేనేమీ కదపలేదు."

ఆయన జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీదే లెక్క వేశాడు. ఒకసారి వేసి, చెరిపి, మళ్లీ వేశాడు. ఆ చేతిని అలాగే చూస్తూ స్టూలు మెట్టు మీద కూలబడ్డాడు.

"మూడు మీటర్లు," అన్నాడు. "పాతిక దూరం జరిగితే కిందికి కనబడేది సరిగ్గా మూడే. అంటే నేను ముప్పై మీదే ఉన్నాను."

"ఉన్నారండీ. నీళ్ల మీద చార కూడా పడలేదు. నేను చూశాను."

"నేను ముప్పై మీదే ఉన్నానని నాకూ అనిపించింది. కాని వాడు జెండా ఎత్తాడు. వాడు అబద్ధమాడడు. వాడి కన్ను తప్పు కాకపోతే నాదే అయ్యుండాలి కదా? డాక్టరు దగ్గరకు వెళ్లాను. దగ్గరి చూపుకు అద్దాలు రాశాడు. యాభై దాటినవాళ్లందరికీ రాసేవే. నాకు మాత్రం తీర్పు చెప్పినట్టే వినబడింది." ఆయన రెయిలింగు వైపు చూశాడు. "రెండు రోజుల నుంచి ఇంట్లో మెట్లు కూడా పట్టుకునే దిగుతున్నానమ్మా. మా ఆవిడ రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకుంటే, వద్దనలేదు. ముప్పై ఏళ్లు నమ్ముకున్న కళ్లు. ఒక్క సాయంత్రంలో పరాయివైపోయాయి."

తప్పైపోయిందనే మాట లంగరమ్మకు గొంతుదాకా వచ్చింది గాని, అది మరీ చిన్నదిగా అనిపించి అక్కడే ఉంచేసింది.

"ఇది చెబితే మీకేమవుతుందో తెలుసా?" అన్నాడాయన.

"తెలుసు."

"మరి?"

"మీకు చెప్పేశాను కదండీ. ఇంక వెనక్కి తీసుకోవడం కుదరదు. పదండి, మళ్లీ పోటు ఎక్కితే బోయాలు మంచిపిల్లల్లా యథాస్థానానికి వచ్చేస్తాయి. అప్పుడు నన్నే పిచ్చిదానంటారు."

ఆయన లేచాడు. ఈసారి రెయిలింగు పట్టుకోలేదు.

గట్టు మీదికి ప్రదర్శన డైరెక్టరు కూడా వచ్చింది. అట్టకు క్లిప్పుతో బిగించిన కాగితాలు చంకలో పెట్టుకున్న సన్నటి మనిషి. ఎంత విన్నా ముఖంలో ఏమీ కనిపించనివ్వదు. జెండా పెద్దాయన ముఖం మాత్రం ఎర్రబడింది.

"నా కొలత తప్పంటావా?"

"మీ కొలత తప్పు కాదండీ," అంది లంగరమ్మ. "మీరు కొలిచిన చోటు తప్పు. ఆ చోటు ఇచ్చింది నేను."

దూరం కొలిచే లేజరు పరికరం పెద్దాయన సంచిలోనే ఉంది. బోయాల మీద దాన్ని ఆయన ఎప్పుడూ వాడలేదు. తీసి మూడో బోయాకు గురిపెట్టాడు. అంకె చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ గురిపెట్టాడు. మళ్లీ అదే అంకె. పరికరాన్ని డైరెక్టరు చేతిలో పెట్టాడు.

"రెండు వందల యాభై అయిదు," అని ఆమె పైకి చదివింది.

పెద్దాయన టోపీ తీశాడు. పక్కనే నిలబడ్డ పాత స్నేహితుడి వైపు తిరిగాడు గాని కళ్లు ఎత్తలేకపోయాడు. "ఒరేయ్," అన్నాడు.

"నువ్వు చూసిందీ నిజమేరా," అన్నాడు పైలట్. "నేను ఎగిరిందీ నిజమే. ఇంక టోపీ పెట్టుకో, ఎండ తగులుతుంది."

డైరెక్టరు తన కాగితాల్లోంచి సంతకం ఉన్నదాన్ని వెతికి తీసింది. అడ్డంగా గీత కొట్టి, తేదీ వేసి, పెద్దాయన చేత సంతకం చేయించింది. "రేపు మీరు ఎగురుతున్నారు," అంది పైలట్‌తో. తర్వాత లంగరమ్మ వైపు తిరిగింది.

"మీరు వచ్చి చెప్పకపోతే ఇది ఎప్పటికీ తేలేది కాదు. ఆ సంగతి కూడా రాస్తాను."

"రాయండి."

"కాని రేపు మిమ్మల్ని నీళ్ల మీదికి పంపలేను. తప్పు జరిగిందని తెలిశాక, విచారణ అయ్యేదాకా ఆ మనిషి పక్కకు తప్పుకోవాలి. గురువారం ఆయన్ని ఆపిన నియమమే ఇది. ఆయనకు ఒకటి, మీకు ఒకటి పెట్టలేను కదా."

"పెట్టకూడదు కూడా," అంది లంగరమ్మ. "మా మరిదికి పని వచ్చు. తొమ్మిది బారలు కట్టమనండి. తెగకుండా, బోయాకు మూడు బారల కింద మోకుకు ఒక ఇనపగుండు వేలాడదీయమనండి. అప్పుడు అలొచ్చినా గుండు లేస్తుంది గాని మోకు తెగదు." ఒక్క క్షణం ఆగింది. "కిందటేడే తట్టాల్సిన ఆలోచన. నిన్న రాత్రి తట్టింది."

సాయంత్రానికి రేవంతా తెలిసిపోయింది. "లంగరమ్మకే లంగరు జారింది," అన్నారు డీజిల్ పోసేచోట. ఎవరో నవ్వారు. ఎవరో, నవ్వొద్దన్నారు. రెండు పడవల వాళ్లు తమ లంగర్లు మరోసారి చూసిపొమ్మని మరిదికి కబురు పెట్టారు, ఆమెకు కాదు. వచ్చే ఏడు బోయాల పని ఎవరిదో డైరెక్టరు చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం భర్త రెండు మడతకుర్చీలు పట్టుకుని గట్టు మీద చోటు వెతికాడు. మోకాళ్లనొప్పుల మనిషి, జనంలో నిలబడలేడు. "రా, కూర్చో," అన్నాడు. "పన్నెండేళ్లలో మొదటిసారి నా పక్కన కూర్చుని చూస్తున్నావు. ఆ డైరెక్టరమ్మకు నేనే థాంక్సు చెప్పాలి."

ఆమె కూర్చుంది గాని చూపంతా బోయాల మీదే. అవతల చివర్న తన పడవ, అందులో మరిది. వెనకవైపు పెచ్చులూడిన రంగు ఇక్కడికి కనబడటం లేదు. ఆటు పట్టే వేళయింది. బోయాలు అంగుళం కదల్లేదు.

విమానాలు వచ్చాయి. ఇన్నేళ్లూ ఆమె చూసినవి వాటి పొట్టలు, చక్రాలు, ఆయిలు మరకలు. నాలుగూ కలిసి ఒక ఆకారం కడతాయని, పొగ విచ్చుకునేసరికి అదొక పూవవుతుందని విన్నదే గాని చూసింది లేదు. నోరు తెరుచుకుని చూసింది. భర్త ఏదో అంటే వినిపించుకోలేదు.

తర్వాత మూడు విమానాలు పక్కకు తప్పుకున్నాయి. నాలుగోది ఒక్కటే, దూరం నుంచి, వెల్లకిలా తిరిగి నీళ్ల మీదికి దిగింది. దిగుతోంది. ఇంకా దిగుతోంది. దాని నీడ నీటి మీద ఎదురు పరుగెత్తుకొస్తోంది. నీడకూ విమానానికీ మధ్య బెత్తెడు వెలుతురు కూడా లేనట్టుంది. జనమంతా ఒక్కసారి ఊపిరి బిగపట్టారు.

"తగిలిపోతున్నాడు!"

ఆ కేక తన నోట్లోంచే వచ్చిందని లంగరమ్మకు లేచి నిలబడ్డాక తెలిసింది. భర్త చెయ్యి ఆమె పిడికిట్లో నలుగుతోంది. విమానం అయిదు బోయాల నెత్తి మీదుగా నిలకడగా, గీత గీసినట్టు సాగిపోయి, చివరి బోయా దాటాక ఆకాశంలోకి లేచింది.

ఆమె గట్టు చివరకు చూసింది. తెల్లజెండా.

"కిందికి రాలేదని ఊరందరికీ చాటింది నువ్వే," అన్నాడు భర్త వేళ్లు విదిలించుకుంటూ. "ఇప్పుడు కేక పెట్టిందీ నువ్వేనా?"

"ఇక్కణ్నించి చూస్తే నేనైనా ఎర్రజెండానే ఎత్తేదాన్ని," అంది లంగరమ్మ. విమానం దూరంగా వెనుదిరుగుతోంది. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిచింది.

"ఎక్కడికి? కుర్చీ వదిలేసి?"

"పెద్దాయన దగ్గరకి. ఇంకోసారి వస్తాడు. ఈసారి ఆ తీగల్లోంచి చూస్తా."